మణికట్టు నొప్పికి మెడ వైపు చూసిన వైద్యం

ఇబ్న్ సీనా నొప్పిని 15 రకాలుగా విడదీశాడు. దురద పెట్టే నొప్పి, సూదులతో గుచ్చినట్టుండే నొప్పి, నొక్కి పట్టినట్టుండేది, లాగేస్తున్నట్టుండేది, చీల్చేస్తున్నట్టుండేది, తొలిచేది, బరువుగా దిగలాగేది, నాడితో పాటు కొట్టుకునేది. ఆ వరసలో ఒకదాని పేరు తిమ్మిరి నొప్పి. 1025 ప్రాంతంలో ఆయన పూర్తి చేసిన ‘అల్-ఖానూన్ ఫిత్-తిబ్’ అనే మహాగ్రంథం మొదటి భాగంలోనే ఈ పట్టిక ఉంది. ఒక్కో రకానికి ఒక్కో కారణం కూడా చెప్పాడు. తిమ్మిరి నొప్పి రెండు విధాలుగా వస్తుందన్నాడు: ఆ భాగానికి విపరీతమైన చలువ చేయడం వల్ల, లేదా స్పర్శ ప్రయాణించే నరం దారి ఎక్కడో నొక్కుకుపోవడం వల్ల.

అర్ధరాత్రి నిద్రలోంచి లేచి కూర్చుని చేయి విదిలించుకునేవాళ్ళకు ఆ రెండో కారణం వింటే ఒళ్ళు జలదరిస్తుంది. బొటనవేలు, చూపుడువేలు, నడివేలు, ఉంగరపు వేలిలో సగం మొద్దుబారి, ఆ మొద్దుబారినతనంలోనే మంట, పోట్లు. ఈనాటి వైద్యులు దీన్ని కార్పల్ టన్నెల్ సిండ్రోమ్ అంటారు. మణికట్టు లోపలివైపు, ఎముకలకూ వాటి మీద అడ్డంగా బిగిసి ఉన్న గట్టి బంధకానికీ మధ్య ఇరుకైన దారి ఒకటి ఉంది. వేళ్ళను ముడిచే తొమ్మిది స్నాయు తాళ్ళు, వాటితో పాటు మీడియన్ నరం అందులోంచే సాగాలి. తాళ్ళ చుట్టూ ఉన్న పొర కాస్త ఉబ్బితే చాలు, నలిగేది నరమే. పర్షియన్ వైద్యులకు ఈ ఇరుకు దారి ఒక జబ్బుగా తెలియదు. వాళ్ళు చూసింది లక్షణాన్ని, అంటే చేతి తిమ్మిరిని. కానీ తిమ్మిరిని వాళ్ళు చూసిన తీరులో మనం ఇప్పటికీ నేర్చుకోదగ్గది చాలా ఉందని నా గట్టి నమ్మకం. ఈ వ్యాసం దాని గురించే.

పర్షియన్ వైద్యం అన్న మాటను కొంచెం విప్పి చెప్పుకోవాలి. ఇబ్న్ సీనా బుఖారా దగ్గర పుట్టాడు, 1037లో ఇరాన్‌లోని హమదాన్‌లో పోయాడు, పుస్తకం మాత్రం అరబ్బీలో రాశాడు. ఆయనకు ముందే రే నగరానికి చెందిన రాజీ తన చికిత్సానుభవాలను గుట్టలుగా రాసి పెట్టుకున్నాడు. ఆ రాతల్లో గ్రీకు గురువులతో పాటు మన చరకుడి పేరు కూడా వస్తుంది. 850 ప్రాంతంలో తబరీ రాసిన ‘ఫిర్దౌస్ అల్-హిక్మా’ చివరి భాగం పూర్తిగా భారతీయ వైద్యం గురించే. 12వ శతాబ్దంలో జుర్జానీ ‘జఖీరా-ఎ-ఖ్వారజ్మ్‌షాహీ’ని పర్షియన్‌లోనే రాసి, అరబ్బీ రాని వైద్యుడికీ ఈ విద్యను అందించాడు. గ్రీకు పునాది మీద ఇరాన్, అరబ్, భారత దేశాల అనుభవం చేరి పెరిగిన చదువు ఇది.

తిమ్మిరి విషయంలో ఈ చదువుకు మూలమనదగ్గ ఉదంతం ఒకటి ఉంది. 2వ శతాబ్దపు రోములో గ్రీకు వైద్యుడు గాలెన్ దగ్గరికి పౌసానియాస్ అనే పండితుడు వచ్చాడు. సిరియా మనిషి. ఒక చేతి చిటికెనవేలు, ఉంగరపు వేలు, నడివేలిలో సగం మొద్దుబారిపోయాయి. అప్పటిదాకా చూసిన వైద్యులు వేళ్ళకే మందులు పట్టించారు. గుణం కనిపించలేదు. గాలెన్ వేళ్ళను వదిలేసి మనిషిని ప్రశ్నలు అడగడం మొదలుపెట్టాడు. అంతకుముందు ఏమైనా దెబ్బ తగిలిందా? బండి మీదనుంచి పడ్డాననీ, వీపు పైభాగం రాయికి కొట్టుకుందనీ, ఆ నొప్పి ఎప్పుడో తగ్గిపోయిందనీ అతను చెప్పాడు. గాలెన్ వేళ్ళకు రాస్తున్న మందునే తీసుకెళ్ళి మెడ కింద, వెన్ను మొదలయ్యే చోట వేయించాడు. మనిషి కోలుకున్నాడు.

మందు మారలేదు, మందు వేసిన చోటు మారింది. గాలెన్ రచనలు అరబ్బీలోకి వచ్చినప్పుడు ఈ ఉదంతం కూడా తూర్పుకు వచ్చి, ఆయన్ను గురువుగా చదువుకున్న ఇరాన్ వైద్యుల పాఠంలో భాగమైంది. ఇబ్న్ సీనా తన శరీర వర్ణనలో మెడ నుంచి ఎనిమిది జతల నరాలు బయలుదేరతాయనీ, వాటిలో దిగువ జతలే భుజానికీ చేతికీ పోతాయనీ రాశాడు. ఎమ్మారై లేని కాలంలో, వేలి తిమ్మిరిని పట్టుకుని మెడ దాకా నడిచి వెళ్ళగల పటం అది. ఏ వేళ్ళు మొద్దుబారాయో అడిగితే ఏ నరమో తెలుస్తుంది. చిటికెనవేలి వైపు అయితే మోచేయీ మెడా చూడాలి, బొటనవేలి వైపు అయితే మణికట్టూ మెడా చూడాలి. ఇవాళ న్యూరాలజిస్టు గదిలో కూడా మొదట జరిగేది ఈ విచారణే.

దీని తర్వాత వచ్చేది మిజాజ్, అంటే ప్రకృతి. వేడి, చలువ, తేమ, పొడి అనే నాలుగు గుణాల పాళ్ళు మనిషి మనిషికీ మారతాయి, ఒకే మనిషిలో అవయవం అవయవానికీ మారతాయి. ఈ లెక్కలో నరం చల్లనిది. ఎముక, మృదులాస్థి, వెన్నుపాము, మెదడు కూడా ఈ చల్లని జాబితాలోనే ఉంటాయి. తనంతట తాను చల్లగా ఉండేదానికి బయటి చలి ఇంకా చెరుపు చేస్తుందన్నది హిప్పోక్రటీస్ కాలం నుంచి వస్తున్న మాట. అందుకే నరానికి సంబంధించిన బాధ అనగానే ఈ సంప్రదాయం చేసే మొదటి పని వెచ్చదనం కల్పించడం. రక్తం, కఫం, పసుపు పైత్యం, నలుపు పైత్యం అనే నాలుగు ధాతువుల్లో కఫాన్ని, వాళ్ళ మాటలో బల్గమ్‌ను, తిమ్మిరికి మొదటి అనుమానితురాలిగా చూస్తారు. చల్లగా, తేమగా, జిగటగా ఉండే కఫం నరం చుట్టూ చేరి దారి మూసేస్తుందని వాళ్ళ వివరణ.

నాలుగు ధాతువుల సిద్ధాంతాన్ని శరీర రసాయనంగా ఇవాళ ఎవరూ ఒప్పుకోలేరు, నేనూ ఒప్పుకోను. అయినా ఆ సిద్ధాంతం వైద్యుడి చేత అడిగించే ప్రశ్నలు ఊరికే పోవు. బల్గమీ మనిషి అంటే ఎవరు? ఒళ్ళు చల్లగా ఉండేవారు, ముఖం ఉబ్బినట్టుండేవారు, నిద్రమత్తు వదలనివారు, మందకొడిగా కదిలేవారు, బరువు పెరుగుతున్నవారు. ఇలాంటివారి చేతికి తిమ్మిరి వస్తే పాత హకీం కఫం అన్నాడు. ఈనాటి డాక్టరు థైరాయిడ్ పరీక్ష రాస్తాడు. థైరాయిడ్ మందగించిన వారికి కార్పల్ టన్నెల్ బాధ రావడం మామూలే కాబట్టి ఆ పరీక్ష రాయడం సరైన పనే. గర్భిణులకు ఒళ్ళు నీరు పట్టినప్పుడు వచ్చే చేతి తిమ్మిరి కూడా అంతే. కారణం పేరు మారింది గాని, చేతిని చూసి ఊరుకోకుండా మనిషి మొత్తాన్ని చూడాలన్న పట్టుదల వెయ్యేళ్ళ కిందటే ఉంది.

చికిత్సకు వీళ్ళు పెట్టుకున్న వరస నాకు ఈ సంప్రదాయంలో అన్నిటికంటే విలువైనదిగా కనిపిస్తుంది. ముందు రోజువారీ బతుకు సరిచేయాలి. గాలి, తిండీ నీరూ, కదలికా విశ్రాంతీ, నిద్రా మెలకువా, మనసులోని ఆవేశాలు, లోపల నిలవాల్సినవీ బయటికి పోవాల్సినవీ. ఈ ఆరింటిలో ఏది తప్పిందో కనుక్కోకుండా మందు ముట్టుకోకూడదు. చేతి తిమ్మిరి ఉన్నవాళ్ళకు పెరుగు, చల్లని నీళ్ళు, పుల్లటివి తగ్గించమంటారు. ఇరాన్ ఇళ్ళలో ఈ వేడి, చలువ లెక్క ఇప్పటికీ నడుస్తోంది. చలువ చేసిందనుకుంటే పటికబెల్లం వేడినీళ్ళలో కలిపి తాగుతారు. తర్వాత మూలికల కషాయాలతో చెడు ధాతువును పక్వం చేసి, విరేచనంతో బయటికి పంపాలి. ఆ తర్వాతే నొప్పి ఉన్న చోట పైపూత మందులు, కాపడాలు, మర్దనా. రక్తం తీయడం, వాతలు పెట్టడం లాంటివి చిట్టచివరివి.

నొప్పి తగ్గించే మందుల్లోనూ ఇబ్న్ సీనా ఇలాగే మెట్లు పెట్టాడు. కారణాన్నే తొలగించేవి మొదటివి. నెమ్మదిగా కరిగించి ఉపశమనం ఇచ్చేవి రెండోవి. నల్లమందు లాంటి మత్తు మందులతో స్పర్శనే చంపేసేవి మూడోవి. ఈ మూడోది నిజమైన వైద్యం కాదని ఆయన అభిప్రాయం, ప్రాణం మీదికి వచ్చినప్పుడే వాడమన్నాడు. రెండో మెట్టులో పేర్కొన్న మందులు ఇవి: సోయికూర, అవిసె గింజలు, బాబూనా, మెలిలోట్ అనే పసుపు పూల మొక్క, సెలరీ గింజలు, చేదు బాదం. వీటిలో అవిసె, బాబూనాల మాట మళ్ళీ వస్తుంది. అదే అధ్యాయంలో ఆయన ఇంకో మాట కూడా చేర్చాడు. మెల్లగా చాలాసేపు నడవడం, నిద్ర పట్టేలాంటి ఇంపైన సంగీతం వినడం, మనసు లగ్నమయ్యే పనిలో మునిగిపోవడం కూడా నొప్పిని తగ్గిస్తాయట. నొప్పి చికిత్సా కేంద్రాలు ఈ మధ్యనే ఈ మూడింటినీ ప్రిస్క్రిప్షన్‌లో చేర్చడం మొదలుపెట్టాయి.

ఇక నూనెల సంగతి. చేతి నరాల నొప్పికి పర్షియన్ వైద్యం దగ్గరున్న అసలైన ఆస్తి నూనెలే. పర్షియన్‌లో రోగన్ అంటారు. హైదరాబాదులో రోగన్-ఎ-బాదాం అని అడిగితే దుకాణదారు వెంటనే తీసిస్తాడు కాబట్టి మనకు కొత్త మాటేం కాదు. బాబూనా నూనె తయారీ చూద్దాం. బాబూనా అంటే చామంతి జాతికి చెందిన చిన్న పువ్వు, తెల్ల రేకులు, మధ్యలో ఉబ్బెత్తుగా పసుపు బొడ్డు. ఎండబెట్టిన పూలను నీళ్ళలో వేసి సన్నని సెగ మీద మరగనిస్తారు. నీళ్ళకు తేనె రంగు వచ్చి, ఆపిల్ పండు వాసన లాంటిది గదంతా పరుచుకుంటుంది. ఆ కషాయాన్ని వడగట్టి, అందులో నువ్వుల నూనె పోసి మళ్ళీ పొయ్యి మీద పెడతారు. అసలు ఓపిక కావాల్సింది ఇక్కడే. మంట ఎక్కువైతే పువ్వు గుణం మాడిపోతుంది, తక్కువైతే నీరు మిగిలిపోయి నూనె కొన్నాళ్ళకే చెడిపోతుంది. అడుగున బుడగలు చిన్నవవుతూ, చిటపటలు సన్నగిల్లి, చివరికి గిన్నె నిశ్శబ్దమవుతుంది. నీరంతా పోయిందని దానర్థం. మన తైలపాకం తెలిసినవాళ్ళకు ఈ పద్ధతి చూడగానే అర్థమైపోతుంది. పొయ్యి అక్కర్లేని రెండో పద్ధతి కూడా ఉంది. గాజు సీసాలో పూలు నింపి నూనె పోసి వారాల తరబడి ఎండలో ఉంచుతారు, పాత పూలు తీసి కొత్తవి వేస్తూ ఉంటారు.

నువ్వుల నూనెనే ఎందుకు వాడతారు? వాళ్ళ లెక్కలో నువ్వులు వేడి చేసేవి, మెత్తబరిచేవి. బాబూనా కూడా వేడి చేసేదే, అయితే మొదటి మెట్టు వేడి. గాలెన్ నుంచి వచ్చిన కొలత ప్రకారం మందుల తీక్షణతకు నాలుగు మెట్లు ఉంటాయి. మొదటి మెట్టుది ఒంటికి హాయిగా తగులుతుంది, నాలుగో మెట్టుది కాలుస్తుంది. ఫర్ఫియూన్ అనే బ్రహ్మజెముడు జాతి మొక్క పాలు నాలుగో మెట్టువి. ముదిరిన తిమ్మిరికి, పక్షవాతానికి ఆ పాలు కలిపిన నూనె వాడేవారు గాని, చర్మం బొబ్బలెక్కుతుంది కాబట్టి హకీం చేతి మీదుగానే. అదే పద్ధతిలో బాదం నూనెలో వయొలెట్ పూలు వేసి చేసే నూనె చలువది. నిద్ర పట్టనివాళ్ళకు, ముక్కు పొడిబారినవాళ్ళకు మంచిది, తిమ్మిరెక్కిన చేతికి మాత్రం రాయరు. నూనెలన్నీ ఒకటేననుకుని ఏది దొరికితే అది రుద్దుకునే మన అలవాటుకు ఈ వివేచన ఎంత దూరమో చూడండి. ఇంకో హెచ్చరిక. ఇప్పుడు బజారులో చామొమైల్ నూనె పేరుతో నీలిరంగు ద్రవం చిన్న సీసాల్లో దొరుకుతోంది. అది ఆవిరి పట్టి తీసిన గాఢమైన అత్తరు లాంటిది, ఇక్కడ చెప్పుకుంటున్న నువ్వుల నూనె తయారీ కాదు. దాన్ని అలాగే చేతికి పట్టిస్తే చర్మం మండుతుంది.

నూనె రాయడానికీ ఒక శాస్త్రం ఉంది. మర్దనను వాళ్ళు దల్క్ అంటారు, మర్దన చేసేవాడు దల్లాక్. ఇబ్న్ సీనా మర్దనల గుణాలు విడివిడిగా చెప్పాడు. గట్టిగా రుద్దితే అవయవం బిగుస్తుంది, మెత్తగా రుద్దితే సడలుతుంది, చాలాసేపు రుద్దితే కండ తగ్గుతుంది, మితంగా రుద్దితే పుష్టి చేరుతుంది, గరుకు గుడ్డతో రుద్దితే రక్తం పైకి వస్తుంది. నలిగిన నరానికి కావాల్సింది రెండోది. మణికట్టు మడత మీద బొటనవేలితో కసిగా నొక్కడం కాదు, ముంజేయి మధ్యనుంచి అరచేతి దాకా గోరువెచ్చని నూనెతో మెత్తగా జారవిడవడం. ఇరాన్ హమామ్‌లు, అంటే స్నానశాలలు, ఈ విద్యకు బడులు. షిరాజ్‌లోని వకీల్ హమామ్, కెర్మాన్‌లోని గంజ్ అలీ ఖాన్ హమామ్ ఇప్పుడు మ్యూజియంలు. వాటిలో బట్టలు మార్చుకునే చల్లని గది, ఆ తర్వాత మెలికల నడవ, ఆ తర్వాత వేడి గది ఉంటాయి. ఒంటికి వేడి ఒక్కసారిగా తగలకుండా, మెల్లమెల్లగా ఎక్కేలా కట్టిన కట్టడాలవి. ఒళ్ళు బాగా వెచ్చబడి సడలిన తర్వాతే దల్లాక్ చేయి వేసేవాడు.

కాపడం గురించి ఒక్క మాట. ఉప్పు గాని, జొన్న జాతి చిరుధాన్యం గాని పెనం మీద వేయించి గుడ్డలో మూటకట్టి పెట్టే పొడి కాపడాన్ని ‘ఖానూన్’ మెచ్చుకుంటుంది. మన ఇళ్ళలో ఉప్పు కాపడం ఎరగనివాళ్ళు లేరు. షుగరు ఉండి చేతిలో స్పర్శ తగ్గినవాళ్ళు మాత్రం వేడిని పక్కవాళ్ళ చేత చూపించుకునే పెట్టుకోవాలి, కాలినా తెలియదు.

అందరూ హిజామా అని పిలుచుకునే కొమ్ము వైద్యం ఇప్పుడు హైదరాబాదు సందుల్లో బోర్డులు పెట్టి మరీ నడుస్తోంది. కప్పు బోర్లించి గాలి లాగి, చర్మం ఉబ్బాక సన్నని గాట్లు పెట్టి కొంత రక్తం తీస్తారు. చేతి తిమ్మిరికి ఈ కప్పును చేతికి పెట్టరు, మెడకూ భుజానికీ మధ్యనున్న కండ మీద పెడతారు. గాలెన్ నడిచిన దారే ఇది. 2009లో జర్మనీ వైద్యులు కార్పల్ టన్నెల్ ఉన్న 52 మందిని రెండు జట్లుగా చేసి, ఒక జట్టుకు భుజం మీద ఒక్కసారి రక్తం తీసే కప్పులు పెట్టారు, ఇంకో జట్టుకు అదే చోట వేడి కాపడం ఇచ్చారు. వారం తర్వాత కప్పులు పెట్టించుకున్నవాళ్ళలో నొప్పి ఎక్కువగా తగ్గింది. ఇది చిన్న అధ్యయనం, వారం రోజులదే, తమకు ఏ చికిత్స జరిగిందో రోగులకు తెలుసు. అంతకుమించి దానిమీద భవనాలు కట్టకూడదు. అయినా భుజం మీద చేసిన పనికి మణికట్టు స్పందించిందన్నది నరాల గురించి ఆలోచించేవాళ్ళకు ఆసక్తి కలిగించే సంగతి.

ఇంతకంటే గట్టి ఆధారం అవిసె నూనెకు ఉంది, అదీ ఇరాన్‌లోనే పుట్టింది. 1851లో టెహ్రాన్‌లో దారుల్ ఫునూన్ తెరుచుకుని యూరప్ వైద్యం బోధించడం మొదలుపెట్టాక, పాత వైద్యం మెల్లగా మూలికల దుకాణాలకూ ఇళ్ళకూ పరిమితమైపోయింది. 2007లో టెహ్రాన్ వైద్య విశ్వవిద్యాలయంలో సంప్రదాయ వైద్య విభాగం మొదలై, ఎంబీబీఎస్ లాంటి చదువు ముగించిన డాక్టర్లే పీహెచ్‌డీ స్థాయిలో ‘ఖానూన్’, ‘జఖీరా’ చదవడం ఆరంభించారు. షిరాజ్‌లోనూ అలాంటి విభాగం వచ్చింది. అక్కడి పరిశోధకులు పాత గ్రంథాల్లో తిమ్మిరికి చెప్పిన పైపూత నూనెలను ఏరి, వాటిని ఆధునిక పద్ధతిలో పరీక్షకు పెట్టారు. 2014లో వెలువడిన అధ్యయనంలో తేలికపాటి, మధ్యస్థ కార్పల్ టన్నెల్ ఉన్న 100 మంది పాల్గొన్నారు. సగం మందికి అవిసె నూనె, సగం మందికి చూడడానికి అలాగే ఉండే ఉత్తుత్తి మందు. రోజుకు రెండుసార్లు, ఐదేసి చుక్కలు మణికట్టు మీద, నాలుగు వారాల పాటు. ఎవరికి ఏది ఇచ్చారో రోగికీ తెలియదు, చూసే డాక్టరుకూ తెలియదు. రెండు జట్లూ రాత్రిపూట మణికట్టు వంగకుండా పట్టీ కట్టుకున్నాయి.

ఈ చివరి మాట ముఖ్యం. పట్టీ ఒక్కదానితోనే చాలామందికి కొంత నయమవుతుంది. నిద్రలో మణికట్టు వంగినప్పుడు దారి ఇంకా ఇరుకై నరం నలుగుతుంది, పట్టీ దాన్ని ఆపుతుంది. కాబట్టి పట్టీతో పాటు నూనె పూసుకున్నవాళ్ళకు, పట్టీతో పాటు ఉత్తుత్తి మందు పూసుకున్నవాళ్ళ కంటే మెరుగ్గా ఉందా అన్నదే ప్రశ్న. బాధ తీవ్రత, చేతి పనితీరు రెండిట్లోనూ అవిసె నూనె జట్టు మెరుగ్గా ఉంది. నరంలో సంకేతం పరుగెత్తే వేగం కూడా ఆ జట్టులో కొంత పెరిగింది. తర్వాత బాబూనా నూనె మీదా ఇలాంటి అధ్యయనాలు చేశారు, లక్షణాలు తగ్గాయనే తేలింది. షుగరు వల్ల వచ్చే నరాల మంటకు చేదుపుచ్చ నూనెను కూడా షిరాజ్‌లో పరీక్షించారు. ఇవన్నీ ఒకే ప్రాంతం నుంచి వచ్చిన చిన్న, కొద్దికాలపు అధ్యయనాలు. వేరే దేశాల్లో, ఎక్కువమందితో, ఏడాది పొడవునా చూసే అధ్యయనాలు రావాలి. అయినా తమ పాత పుస్తకాన్ని తామే పరీక్షకు పెట్టే ధైర్యం నాకు గొప్పగా అనిపిస్తుంది. పుస్తకంలో ఉంది కాబట్టి నిజం అనేవాళ్ళూ, పుస్తకం పాతది కాబట్టి అబద్ధం అనేవాళ్ళూ మన దగ్గర బోలెడుమంది. పరీక్షించి చూద్దాం అనేవాళ్ళు తక్కువ.

ఇరాన్‌లో ఈ పరిశోధనలకు పెద్ద సామాజిక అవసరం కూడా ఉంది, అది తివాచీ. తబ్రీజ్ నేతగత్తె మగ్గం ముందు కూర్చుంటే ఆమె కుడిచేతిలో కొస కొక్కెంగా వంగిన కత్తి ఉంటుంది. కొక్కెంతో పడుగు దారాన్ని ముందుకు లాగి, వెనకనుంచి ఊలు దారాన్ని తిప్పి ముడివేసి, కత్తి అంచుతో టక్కున కోస్తుంది. చూపుడువేలూ బొటనవేలూ చిమటాలా కలుస్తాయి, మణికట్టు లోపలికి వంగుతుంది, మళ్ళీ తెరుచుకుంటుంది. తర్వాత ముడి, ఆ తర్వాత ముడి. వరస పూర్తయ్యాక పేక దారం తోసి, బరువైన ఇనుప దువ్వెనతో దబదబా కొట్టాలి. ఆ దెబ్బల అదురు నేరుగా మణికట్టుకే చేరుతుంది. మీడియన్ నరాన్ని నలపడానికి ఇంతకంటే తిన్నగా పనిచేసే వృత్తులు తక్కువే. నేతగాళ్ళ చేతులు, మణికట్లు, మెడల బాధలు తగ్గించడానికి ఇరాన్ వృత్తి ఆరోగ్య పరిశోధకులు పనిముట్ల పిడులనూ కూర్చునే ఎత్తునూ మార్చి చూశారు. పైన చెప్పుకున్న ఆరింటిలోని కదలికా విశ్రాంతీ అన్నది ఇక్కడ అర్థమవుతుంది. మగ్గం ఎత్తు మార్చకుండా, మధ్యమధ్య చేయి ఆపకుండా, ఎన్ని సీసాల నూనె పూసినా ఫలితం నిలవదు.

ఈ వైద్యానికీ తెలుగు నేలకూ బంధుత్వం కొత్తది కాదు. 16వ శతాబ్దం చివర్లో మహమ్మద్ కులీ కుతుబ్ షా హైదరాబాదు కట్టినప్పుడు ఆసుపత్రీ వైద్య పాఠశాలా కలిపి దారుల్ షిఫా కట్టించాడు, ఆ పేట పేరు నేటికీ అదే. ఆ నగర నిర్మాణానికి పెద్దగా నిలిచిన మీర్ మోమిన్ ఇరాన్‌లోని అస్తరాబాద్ నుంచి వచ్చినవాడు. మందుల పాళ్ళకు ఎంతో అవసరమైన తూనికల, కొలతల మీద ఆయన ఒక గ్రంథం రాశాడు. మన దేశంలో ఈ వైద్యాన్ని యునానీ అని పిలుస్తాం. అటువైపు బాకీ కూడా ఉంది. 18వ శతాబ్దంలో అఖీలీ ఖొరాసానీ అనే ఇరానీ వంశపు వైద్యుడు మందుల మీద ‘మఖ్జనుల్ అద్వియా’ అనే పెద్ద గ్రంథాన్ని మన దేశంలో ఉండగానే రాశాడు. 19వ శతాబ్దంలో హకీం ఆజం ఖాన్ ‘అక్సీర్-ఎ-ఆజం’ రాశాడు. ఈ రెండు పుస్తకాలనూ ఇవాళ ఇరాన్ విద్యార్థులు చదువుతున్నారు. షిరాజ్‌లో ఒక నూనె పరీక్షకు ముందు తిరగేసే పుటల్లో మన గడ్డ మీద రాసినవీ ఉన్నాయన్నమాట.

చార్మినార్ పక్కనే ఉన్న నిజామియా యునానీ ఆసుపత్రి, కర్నూలులోని డాక్టర్ అబ్దుల్ హక్ యునానీ వైద్య కళాశాల ఈ చదువును మన దగ్గర నిలబెడుతున్నాయి. యునానీ పీజీ చదువులో ఇలాజ్ బిత్ తద్‌బీర్ అని ప్రత్యేక విభాగమే ఉంది. కప్పులు, మర్దన, ధారగా కషాయం పోయడం, కాపడం, జలగలు అన్నీ అందులోకే వస్తాయి. హిజామా చేయించుకోవాలనుకుంటే ఆ చదువు చదివినవాళ్ళ దగ్గరికే వెళ్ళండి. కొత్త బ్లేడు, ఒకసారి వాడి పారేసే కప్పు అడగడానికి మొహమాటపడకండి. రక్తం పలచబరిచే మందులు వాడేవాళ్ళు, షుగరు అదుపులో లేనివాళ్ళు ఆ వైపే పోవద్దు. చేదుపుచ్చ, సూరంజాన్ అనే దుంప లాంటివి సొంతంగా లోపలికి తీసుకుంటే ప్రాణానికే ముప్పు రావచ్చు, దుకాణంలో దొరుకుతున్నాయి కదా అని కొనొద్దు. చామంతి జాతి పూలు పడనివాళ్ళు బాబూనా నూనెను ముందు మోచేతి మడతలో కొంచెం రాసి చూసుకోవాలి.

బొటనవేలి కింద అరచేతిలో ఉండే కండ ఒక చేతికి పలచబడి రెండో చేతికంటే చదునుగా కనిపిస్తే, చేతిలోంచి వస్తువులు జారిపోతుంటే, తిమ్మిరి వచ్చిపోకుండా రోజంతా నిలిచిపోతే, నూనెల దశ దాటిపోయింది. మణికట్టు బంధకాన్ని కోసి నరానికి దారి వదిలే చిన్న ఆపరేషన్ ఉంది, ఆలస్యమైతే అది కూడా పోయిన కండను తిరిగి తేలేదు. చేయీ మాటా ముఖమూ ఒకేసారి తడబడితే అది పక్షవాతం, వెంటనే పెద్దాసుపత్రికి పరుగెత్తాలి. అంత దాకా రాని తిమ్మిరికి ముందు థైరాయిడూ షుగరూ మెడా చూపించుకుని, రాత్రి మణికట్టుకు పట్టీ కట్టుకుని, ఉదయం సాయంత్రం ఐదేసి చుక్కల అవిసె నూనె మెత్తగా పట్టించి నాలుగు వారాలు చూడొచ్చు. ఆ నాలుగు వారాల్లో చేతిని అలా చేసిన పనిని కూడా కొంత మార్చాలి, మగ్గమైనా కీబోర్డు అయినా.